వదులు చేసిన తీగలు

కాగితం ముక్క ఇంకా బిగుసుకునే ఉంది. వెంకటముని మరను వెంట్రుకవాసి వెనక్కి తిప్పి మళ్లీ లాగాడు. ఈసారి అది చిరగకుండా, అలాగని జారిపోకుండా, నెమ్మదిగా బయటికి వచ్చింది. కాగితం పట్టేంత సందు, అదే కొలత. గిటారు వీపు గుంతలో కొత్తగా బిగించిన ఇత్తడి స్టెబిలైజరు సామాను, తీగలు ఆనే బ్రిడ్జి అడుగున వేలాడే ఇనుపదిమ్మెను ఇప్పుడు తాకీ తాకనట్టు తాకుతోంది.

తిరువళ్ళూరు స్టేషను వెనక సందులో, ఒక తలుపు వెడల్పున్న కొట్టు అది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. వంగి వంగి మెడ ముందుకు సాగింది. కుడి చూపుడువేలి పక్కన నూలు కోసిన గాడి ఇంకా పూడలేదు. పొదటూరుపేటలో పద్దెనిమిదేళ్లు మగ్గం గుంటలో దింపుకున్న కాళ్లకు స్టూలు మీద ఇప్పటికీ కుదురు లేదు. పవర్‌లూములు వచ్చి చేతిమగ్గం గిట్టుబాటు కానప్పుడు, భజనగుడి హార్మోనియం బాగుచేయడంతో మొదలుపెట్టి గిటార్ల దాకా వచ్చాడు. ఏదీ వాయించడం రాదు. లాగుడు మాత్రం తెలుసు. ఎంత లాగితే నిలుస్తుందో, ఎంత లాగితే తెగుతుందో వేలికి తెలుసు. రెండు బతుకులకూ ఆ ఒక్క తెలివే పెట్టుబడి.

ఈ గిటారు ధరణిది. జగన్నాథన్ నడిపే ఆర్కెస్ట్రాలో వాయిస్తుంది. దీని బ్రిడ్జి గాలిలో తేలుతుంటుంది. పైన ఆరు తీగలు ఒకవైపు, వీపులో స్ప్రింగులు మరోవైపు లాగుతుంటే, ఆ రెండు లాగుళ్లూ సరిపోయిన చోట అది నిలుస్తుంది. బ్రిడ్జి పక్కన పైకి పొడుచుకొచ్చిన కడ్డీని నొక్కితే స్వరం ఉయ్యాలలా ఊగుతుంది. లాభం అదే, నష్టమూ అందులోనే. ఒక్క తీగ తెగిందా, స్ప్రింగులది పైచేయి అయి మిగతా అయిదూ శ్రుతి తప్పుతాయి. పోయిన నెలలో రెండు కచ్చేరీల్లో అదే జరిగింది. రెండుసార్లూ పాట ఆగింది. మూడోసారి ఆగితే గిటారు పని కూడా కీబోర్డే చూసుకుంటుందని జగన్నాథన్ తేల్చేశాడు. ఈ సాయంత్రమే తిరుత్తణిలో ఆడికృత్తిక పండగ కచ్చేరి. స్ప్రింగులు దిమ్మెను లాక్కుపోకుండా అడ్డం నిలబడటమే ఈ ఇత్తడి సామాను పని.

వెంకటముని వీపు మూత బిగించాడు. గుడ్డతో ఒకసారి తుడిచాడు. ఆరు తీగల బిరడాలనూ ఒక్కొక్కటే వెనక్కి తిప్పి తీగలు వదులు చేశాడు. సంచిలో పెట్టి జిప్పు లాగాడు.

ధరణి పరుగున వచ్చింది. పాతికేళ్ల పిల్ల, మెడలో ఆర్కెస్ట్రా కార్డు.

"అయిందా మామా? వ్యాను రోడ్డుకు అడ్డంగా నిలబెట్టినారు. జగన్నాథన్ సారు హారన్ మీద చెయ్యి తీసేది లేదు."

"అయింది. తీగ తెగితే తెగనీ. మిగతా అయిదూ యాడికీ పోవు."

"పోతే?"

"పోతే కొట్టు మూసేస్తా."

"మూసి యాడ పోతావు, మళ్లా మగ్గంలోకా? నీ నడుముకు గుంట పట్టదు మామా!" నవ్వుతూ సంచి భుజాన వేసుకుని సందు దాటింది.

చేతులు కడుక్కుంటూ ఉంటే వేళ్లకు గుర్తొచ్చింది. బిరడాలు తిప్పిన వేళ్లు. నీళ్ల చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

మగ్గం దిగేముందు పడుగు వదులు చేయాలి. లేకపోతే తెల్లారేసరికి పోగులు తెగి ఉంటాయి. నాన్న నేర్పిన మొదటి పని అది. ఎవరి వాయిద్యం చేతికి వచ్చినా తిరిగిచ్చేటప్పుడు తీగలు వదులు చేసే ఇస్తాడు. ఇన్నేళ్లలో దానివల్ల ఎవరికీ నష్టం రాలేదు. కానీ మగ్గంలో పడుగు వదిలితే అన్నిటికీ విశ్రాంతి. ఈ గిటారులో తీగలు వదిలితే స్ప్రింగులు వదలవు. వాటి లాగుడంతా అడ్డం నిలిచిన ఆ ఇత్తడి సామాను మీద, దాన్ని పట్టుకున్న రెండు చిన్న స్క్రూల మీద పడుతుంది. కింద ఉన్నది టేకు కాదు, గోరు దిగే మెత్తని చెక్క. వ్యాను గతుకుల్లో ఎగిరే కొద్దీ స్క్రూలు చెక్కను కోసుకుంటూ పోతాయి.

ఫోను చేశాడు. ఎత్తలేదు. మూడుసార్లు చేశాడు. వ్యానులో పాటలు పెట్టుకుని ఉంటారు. పనిముట్ల సంచి చంకన పెట్టుకుని, షట్టరు దించి, స్టేషను వంతెన మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. పైకి చేరేసరికి రొమ్ములో ఎవరో గుడ్డ పిండినట్టయింది. రైలు కూత వినిపించింది. నిలబడి ఊపిరి తీసుకునే బేరం కుదరలేదు. దిగాడు.

తిరుత్తణి రైలు నిండా పసుపు బట్టలు, కావళ్లు, చంకలో పిల్లలు. తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. అరక్కోణం దాటాక ధరణే ఫోను చేసింది.

"ఏం మామా, తీగలన్నీ తాళ్ల మాదిరి వేలాడతా ఉండాయే? నేనే బిగించుకున్నా. శ్రుతికి వస్తుంది, కడ్డీ ఒకసారి నొక్కితే పోతుంది. లోపల ఏందో కటకట అంటా ఉంది."

"నొక్కొద్దు. తీగలు వదలకుండా అట్లే పక్కన పెట్టు. నేను వస్తా ఉండా."

"నువ్వా? యాడికి?"

"ఆడికే."

స్టేషను నుంచి కొండ అడుగు దాకా జనం. అందరూ ఒకే వైపు నడుస్తున్నా ఎవరూ తొందరగా నడవరు. కావళ్ల నెమలి ఈకలు మొహానికి తగులుతుంటే, భుజాలు పక్కకు తిప్పుకుంటూ సందు చేసుకున్నాడు. ఎడమ చెయ్యి బరువెక్కింది. సంచి కుడిచేతికి మార్చుకున్నాడు. వేదిక చేరేసరికి కచ్చేరికి ఇంకా ముప్పావు గంట వ్యవధి ఉంది.

జగన్నాథన్ తెల్ల చొక్కాలో, మెడ చుట్టూ జేబురుమాలు దోపుకుని, అరవంలో ధరణిని దులిపేస్తున్నాడు. "ఎన్నమ్మా ఇదు, ఏమిటమ్మా ఇది? వస్తువును చూసుకోవడం చేతకాకపోతే ఇంట్లో కూర్చో. రిపేరు నుంచి తెచ్చిన రోజే పాడుచేశావా?"

ధరణి తల దించుకుని ఉంది. వెంకటముని పనిముట్ల సంచి కింద పెట్టాడు. ఈ ఆర్కెస్ట్రా వాద్యాలన్నీ తన కొట్టుకే వస్తాయి. నోరు మూసుకుంటే నింద ఆ పిల్ల మీదే ఉండిపోతుంది, తన పేరుకు మచ్చ పడదు. అది లాభమే. కానీ ఆ సరుకు ఆయనకు మోయబుద్ధి కాలేదు.

"తప్పు ఆ బిడ్డది కాదు సారూ," అన్నాడు. "నాది. తీగలు వదిలి ఇచ్చినా. ఈ గిటారుకు వదలకూడదు."

"ముప్పై ఏళ్లుగా పని చేస్తున్నావు!"

"అవును. ముప్పై ఏళ్ల అలవాటే చేసింది."

స్పీకరు పెట్టెల వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మూత విప్పాడు. అనుకున్నట్టే ఒక స్క్రూ రంధ్రం కోలగా సాగి, ఇత్తడి సామాను పక్కకు ఒరిగి ఉంది. పూజ బల్ల మీద ఉన్న ఊదుబత్తి ఒకటి తీసుకుని, మందు గీకేసి, వెదురుపుల్లను నిలువుగా చీల్చాడు. చీలికలను జిగురులో ముంచి రంధ్రంలోకి కూరి, బ్లేడుతో సమంగా కోసి, ఆరేదాకా ఊదాడు. ఊదినకొద్దీ రొమ్ములో పిండిన గుడ్డ బిగుస్తోంది. స్క్రూ వెదురులోకి కిరకిరమంటూ దిగింది. ధరణి తీగలు శ్రుతికి బిగించింది. కాగితం లాగాడు. మర సగం చుట్టు తిప్పాడు. మళ్లీ లాగాడు. వచ్చింది.

"నొక్కి చూడు."

నొక్కి వదిలింది. స్వరం కిందికి జారి, తిరిగొచ్చి, బయలుదేరిన చోటే నిలిచింది.

"మామా, మొహమంతా చెమట. టీ చెప్పనా?"

"పో, పిలస్తా ఉండారు. పాట ముందు."

మొదటి పాట సాఫీగా సాగింది. ఆయన కళ్లు వేదిక మీద లేవు, నేల మీద ఉన్నాయి. వినేది పాట కాదు, ఆరు లాగుళ్లు. రెండో పాట నడిమధ్యన ధరణి కడ్డీ నొక్కింది. టప్పుమంది. అన్నిటికన్నా సన్నతీగ తెగి ఆమె మణికట్టు మీద కొట్టుకుంది. తరువాతి స్వరాలు అయిదు తీగల మీద, శ్రుతి తప్పకుండా, నిండుగా వచ్చాయి. పాడేవాడు ఆగలేదు. జగన్నాథన్ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. జనంలో ఒక్కరికీ తెలియలేదు. బాగా చేసిన పనికి వచ్చే ప్రతిఫలం అదే, ఎవరికీ తెలియకపోవడం. ఆయన లెక్కలో అంతకు మించి రావలసింది ఏమీ లేదు.

చెమటకు మసకబారిన కళ్లజోడు తీసి పక్కనున్న స్పీకరు పెట్టె మీద పెట్టాడు. కళ్లు మూసుకుని, తల వెనకనున్న పందిరి రాటకు ఆనించాడు. మూడో చరణం మొదలయ్యే లోపల ఊపిరి ఆగిపోయింది.

అయిదు తీగల మీద వాయిస్తూనే ధరణి ఆయనవైపు తిరిగింది. మామ తల వాల్చి వింటున్నాడనుకుంది. నవ్వి, కనుబొమలెగరేసి, మళ్లీ పాటలో పడింది.

డ్రమ్ము దెబ్బ పడినప్పుడల్లా పెట్టె అదురుతోంది. దాని మీద కళ్లజోడు, ఒక కాడ తెరిచి ఒక కాడ ముడిచి, నూలుపోగంత నూలుపోగంత అంచువైపు జరుగుతోంది.