కూత వేయని ఫోను

అయినా అంత నవ్వొచ్చేదేముంది అందులో, అద్దాల తలుపు మూసి ఉంది కాబట్టి మాటలు వినపడవు గానీ పళ్లు మాత్రం ముప్ఫై రెండూ కనపడుతున్నాయి, మేనేజరుకి ఎదురుగా కూర్చుని చేతులు తిప్పుతూ ఏదో వివరిస్తోంది గలగల, గలగల అన్నది తను మనసులో పెట్టుకున్న పేరు, పైకి మాత్రం తల్లీ అనే పిలుస్తుంది, రెండేళ్ల క్రితం ఈ ల్యాబులో అడుగు పెట్టినప్పుడు యాంటెన్నాకీ చీపురుపుల్లకీ తేడా తెలియని పిల్ల, ఇవాళ పెద్దాయన గదిలో కాలు మీద కాలేసుకుని, కాదు, వేసుకోలేదు, కాళ్లు దగ్గరగానే పెట్టుకుంది, కానీ వేసుకున్నట్టే ఉంది, ఆ వేళ్లు చూడు, ఐదూ గుప్పిట పట్టి విప్పింది, అది తన సైగే, కూతల పాఠం చెబుతోందన్నమాట, ఆ పాఠం దానికి నేర్పిందెవరు, పద్నాలుగేళ్లుగా ఈ బల్ల దగ్గర నడుం వంచుకుని కూర్చున్న మనిషి కాదూ, టీం లీడు వేరే ఊరి ఆఫీసుకి వెళ్లిపోయి కిటికీ పక్క కుర్చీ ఖాళీ అయి రెండు వారాలైంది, అందులో ఎవరు కూర్చోవాలో ఈ పూట తేలుస్తానని పెద్దాయన అందరికీ చెప్పాడు, తేల్చడానికేముంది, ఏ తీగ ఎక్కడికి పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలిగేది తనొక్కతే, ఆఫీసంతా ఎరిగిన సంగతే, మరి లోపల కూర్చున్నదెవరు, కడుపు మండిపోతోంది, అవును, మండుతోంది, పైకి చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ.

ముందు ఈ మూడో ఫోను పని పట్టాలి, బయటి సిగ్నలు దూరకుండా మూత బిగించిన రేకు పెట్టె, లోపల మూడు ఫోన్లు, పరీక్షల కోసమే పెట్టిన బుల్లి టవరు, ఆన్ చేయగానే మూడూ టవరుతో కలవాలి, మధ్యాహ్నం కస్టమర్లు వచ్చి చూసేది అదే, రెండు కలిశాయి, మూల పగిలిన మూడోది మాత్రం రెండు గంటలుగా మొరాయిస్తోంది, పెట్టె కిటికీలోంచి చూస్తే సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, టవరు చెప్పేదంతా దానికి శుభ్రంగా వినపడుతోంది, అయినా కలవదు, దీనికేం మాయరోగం, చూడమ్మా అని మొదటి రోజున ఈ పెట్టె పక్కనే నిలబెట్టి చెప్పింది గలగలకి, టవరుకి నువ్వెవరో తెలీదు, అసలు నువ్వున్నావనే తెలీదు, ఫోను లేచి ముందు చెవులు రిక్కించి వింటుంది, ఎప్పుడు కూత వేయొచ్చో టవరే చాటుతూ ఉంటుంది, అప్పుడు అరవై నాలుగు కూతల్లోంచి చీటీ తీసినట్టు ఒకటి తీసి వేస్తుంది, పేరు చెప్పదు, ఉత్త కూతే, టవరు అది విని, ఆ కూత వేసినవాళ్లెవరో ఇదిగో ఈ క్షణంలో మాట్లాడండి అంటుంది, పేరు అప్పుడు చెప్పాలి, మరి ఇద్దరూ ఒకే కూత వేస్తే అక్కా, అంది ఆ పిల్ల కళ్లు ఇంతింత చేసుకుని, వేస్తే ఇద్దరూ తమనే పిలిచారనుకుని ఒక్కసారే పేర్లు చెప్పేస్తారు, టవరు ఒక్క పేరే తిరిగి పలుకుతుంది, ఆ పేరుగలవాళ్లు లోపలికి, రెండోవాళ్లు కాసేపాగి మళ్లీ మొదటినుంచి, అసలు జవాబే రాకపోతే, గొంతు పెంచి మళ్లీ వేయాలి, అబ్బ, ఎంత బాగా చెప్పారక్కా, ఆ ఒక్క మాటకి పొంగిపోయి క్యాంటీన్లో టీ కూడా తనే ఇప్పించింది, పాముకి పాలు పోసినట్టు, ఛ, అలా అనుకోకూడదు, కానీ అనిపిస్తోంది, ఏం చేస్తాం.

పొద్దున ఇంట్లో భర్త చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, ఇంతకీ మీ మేనేజరుతో మాట్లాడావా అన్నాడు, నేను మాట్లాడేదేముంది, ఆయనకి కళ్లు లేవా, కళ్లుంటే సరా, అడగందే అమ్మైనా పెట్టదు, అనేసి కాలరు తిప్పి మళ్లీ ఇస్త్రీలో పడ్డాడు, ఒళ్లు మండిపోయింది, నేనేమన్నా అడుక్కునేదాన్నా, పని చూసి ఇవ్వాలి ఎవరైనా, అని టిఫిను డబ్బా మూత ధడేల్మని మూసి వచ్చేసింది, చిన్నప్పుడు బడిలోనూ ఇంతే, లెక్కల టీచరు ప్రశ్న వేయగానే జవాబు నాలుక చివర సిద్ధంగా ఉండేది, చెయ్యి మాత్రం ఒళ్లోనే ఉండేది, టీచరే చూసి లేపుతుందని, ఇంతలో పక్క బెంచీ పిల్ల సగం తప్పు జవాబుతో చెయ్యెత్తి లేచేది, చప్పట్లన్నీ దానికే, దాని రిబ్బను రంగు ఇప్పటికీ గుర్తే, పసుపు, ఇదిగో, గలగల ఇవాళ వేసుకున్న చొక్కా కూడా పసుపే.

ఆగు, నిన్న సాయంత్రం టవరు సెట్టింగు మార్చిందెవరు, గలగలే కదూ, దొరికింది దొంగ, ఆ మార్పు వల్లే మూడో ఫోను చచ్చింది, సందేహమే లేదు, రెండు గంటలుగా టవరు రికార్డు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదువుతోంది, తప్పు ఇంకా కళ్లబడలేదు గానీ ఉండే ఉంటుంది, ఎక్కడికి పోతుంది, పెద్దాయన ఆ కుర్చీ సంగతి తేల్చేలోగా ఈ ముక్క ఆయన చెవిన పడాలి, మెయిలు టకటకా కొట్టింది, సార్, టవరు సెట్టింగు మార్చడం వల్ల మధ్యాహ్నం పరీక్ష ప్రమాదంలో పడింది, నాకు చెప్పకుండా మార్చారు, నాకు చెప్పకుండా అన్నది తర్వాత చేర్చింది, నిజానికి ఆ పిల్ల చెప్పింది, అప్పుడు తను హెడ్‌ఫోన్ పెట్టుకుని ఊఁ అంది, ఊఁ అంటే విన్నట్టా ఏమిటి, విన్నట్టే అనుకో, అయినా ఆ ముక్క ఉంటేనే మెయిలుకి పస ఉంటుంది, పంపడానికి వేలు ముందుకు పోయింది, హాయిగా ఉంది.

అద్దాల తలుపు తెరుచుకుంది, గలగల తిన్నగా ఇటే వస్తోంది, చటుక్కున మెయిలు కిందికి దించేసింది, ఆ పిల్ల స్టూలు లాక్కుని కూర్చుంది, నవ్వట్లేదు, చొక్కా అంచు నలుపుతోంది, అక్కా, నాకిచ్చారు, మీకు ముందు నేనే చెప్పాలని వచ్చా, సంతోషం తల్లీ, అన్నది నోరు, ఆ నోటికి సిగ్గు లేదు, ఎలా ఇచ్చారేమిటి, ఎలా ఏముందక్కా, నేనే అడిగా, మూడుసార్లు వెళ్లా, మొదటిసారి ఆయన ఫోన్లో ఉండి వినిపించుకోనేలేదు, రెండోసారి చూద్దాంలే అన్నారు, ఇవాళ గట్టిగానే అడిగా, అక్క ఉండగా నీకెలా అని మీరే అంటారేమో సార్ అని కూడా అన్నా, ఏమన్నాడు, ఏమన్నాడే, గొంతు తనకే వింతగా వినిపించింది, ఆవిడకి ఆ కుర్చీ కావాలని నాకెప్పుడూ తెలీదమ్మా అన్నారు, పద్నాలుగేళ్లలో ఒక్కసారైనా ఈ తలుపు తట్టలేదు, ఆ బల్ల దగ్గరే హాయిగా ఉందేమో అనుకున్నా అన్నారు, నేనేమో మీరు ఎప్పుడో అడిగేసి ఉంటారనుకున్నా, అడగలేదా అక్కా, అంటోంది ఆ పిల్ల, దాని కళ్లలో నటన కోసం వెతికింది, గట్టిగా వెతికింది, దొరకలేదు.

మొహం కనపడకుండా పెట్టె వైపు తిరిగి, చేతులకి ఏదో ఒక పని కావాలి కాబట్టి మూడో ఫోను రికార్డు తెరిచింది, మొట్టమొదట చూడాల్సింది ఇదే, చూడలేదు, తప్పు టవరు వైపే ఉండాలని మనసులో అంత గట్టిగా ఉంటే ఫోను వైపు ఎవరు చూస్తారు, పంపిన కూతలు, సున్నా, కళ్లు నులుముకుంది, సున్నాయే, తక్కువ కూతలు కాదు, గొంతు చాలక పోవడం కాదు, ఇంకో ఫోను కూతతో కలిసిపోవడమూ కాదు, నిన్న సాయంత్రం సిగ్నలు కొలవడానికని దీన్ని వినడం మాత్రమే అనే పద్ధతిలో పెట్టింది తనే, తీయడం మర్చిపోయి ఇంటికి పోయిందీ తనే, రాత్రంతా, పొద్దుటినుంచీ, గీతలన్నీ నిండుగా వెలుగుతూ, టవరు చాటింపులు ఒక్కటీ పొల్లుపోకుండా వింటూ కూర్చుంది ఈ వెర్రి ఫోను, ఏమైందక్కా, దొరికిందా, దొరికింది, నీ సెట్టింగు బాగానే ఉంది, తప్పు నాది, అంటూ మెయిలు చెరిపేసింది, పద్ధతి మార్చింది, సున్నా కాస్తా ఒకటైంది, జవాబు లేదు, రెండు, మూడోదానికి టవరు పలికింది, ఫోను కలిసింది, గలగల చప్పట్లు కొట్టింది, ఆ పసుపు చొక్కా ఇంకా కళ్లలో గుచ్చుకుంటూనే ఉంది, అసూయేం ఒక్క నిమిషంలో పోయేది కాదు, పోనీ ఉండనీ, కానీ ఇన్నాళ్లూ ఆ అసూయ వేలు ఎదుటివాళ్ల వైపు కాదు, తన వైపే చూపిస్తోందని ఇప్పుడు తెలిసింది, టవరు ఈ ఫోనుని బయట నిలబెట్టలేదు, ఇంకొకదాన్ని ముద్దు చేసి దీన్ని తోసేయలేదు, ఇక్కడొకటి ఉందనే దానికి తెలీదు, టీచరుకి తెలీదు, పెద్దాయనకి తెలీదు, తనని ఎవరూ కాదనలేదు, తను ఒక్కసారీ అడగలేదు.