ఇంటిపేరు అడగని మేనత్త

ఫుండియూన్ రేవులో యాందే కన్నది ఆరుగురిని. "అత్తా" అని పిలిచేది మాత్రం పేటంతా. ఆస్పత్రివాళ్ళు పేటకొక పెద్దావిడను, ఇక్కడ యాందేని, ఎంచి, "పేట మేనత్త" అని పేరు పెట్టి, ఆడవాళ్ళ కడుపుల సంగతీ కాన్పుల సంగతీ కనిపెట్టుకుని ఉండమన్నారు. ఆ దేశంలో మేనత్త మాటకున్న విలువ అలాంటిది. మేనత్త తిడితే పడాలి, పెడితే తినాలి. యాందే రెండూ ధారాళంగా చేసేది.

అలాంటి యాందే మాట ఒక్క గడప దగ్గర చెల్లలేదు. అది లాతిర్ దియోన్ గడప.

లాతిర్ పడవ మీద రొయ్యల వేటకు వెళ్ళే మనిషి. నవ్వుతాడు, నవ్విస్తాడు, నలుగురికీ సాయపడతాడు. మొండితనానికి మాత్రం గాడిదలు కూడా అతని దగ్గర పాఠం చెప్పించుకోవాలి. పెళ్ళాం నిలాన్‌కి నాలుగేళ్ళలో ముగ్గురు పిల్లలు. చంటిదాని కాన్పులో రక్తం పోయి నిలాన్ చచ్చి బతికింది. ఇప్పటికీ నీళ్ళ బిందె ఎత్తితే కళ్ళు తిరిగి కూలబడుతుంది. ఎడం లేకుండా మళ్ళీ నెల తప్పితే ప్రాణం మీదికొస్తుందని ఆస్పత్రిలో గట్టిగానే చెప్పారు. మోచేతి పైన, చర్మం కింద పెట్టే చిన్న పుల్ల ఒకటుంది. పెట్టించుకుంటే మూడేళ్ళు బెంగ లేదు, మళ్ళీ పిల్లలు కావాలనుకున్న రోజు తీసేస్తారు. నిలాన్ అందుకు సిద్ధంగా ఉంది. మొగుడే వద్దంటాడు.

యాందే వెళ్ళి బతిమాలింది, తిట్టింది, చివరికి ఇమాము చేత కూడా చెప్పించింది. పిల్లల మధ్య ఎడం ఉంచుకోవడంలో తప్పేమీ లేదని ఆయన అంటే, లాతిర్ బుద్ధిగా తలూపి, ఆయనకు నాలుగు చేపలిచ్చి సాగనంపాడు. ఇక లాభం లేదని, అతను వేటకు వెళ్ళిన రోజు చూసి గుట్టుగా పెట్టించేస్తానంది యాందే. అందుకు నిలాన్ ఒప్పుకోలేదు.

"దాచి పెట్టుకుంటే అది చేతిలో ఉండదత్తా, గుండెల్లో గుచ్చుకుంటుంది. ఆయన పక్కన దొంగలాగా పడుకోలేను."

యాందేకి ఏడుపొచ్చినంత పనైంది. ఇంత నిజాయితీ ఈ పిల్లకు ఎవరు పెట్టారని దేవుణ్ణి కూడా రెండు మాటలంది.

ఆస్పత్రికి కొత్త నర్సమ్మ వచ్చి అప్పటికి కొంతకాలమైంది. రాజధాని డాకార్‌లో చదివిన పిల్ల, చురుకైనది. ఆ ఊళ్ళో ఎవరైనా ఎదురైతే ముందు ఇంటిపేరు అడుగుతారు, ఆ తర్వాతే బాగున్నావా అంటారు. యాందే మాత్రం అడగలేదు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల తానుగా వచ్చి చెప్పుకోవాలి గాని, పెద్దదాన్ని నేనడగడమేమిటని బిగుసుకుంది. "నర్సమ్మా" అని పిలుస్తూ రోజులు గడిపేసింది.

ఒకనాటి మధ్యాహ్నం ఆస్పత్రి వరండాలో అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. అన్నం, చేపల పులుసు. నర్సమ్మ తింటున్న తీరు చూసి యాందే నోరు ఊరుకోలేదు. ఈ బక్క ఒంట్లో ఇంత అన్నం ఎక్కడ పడుతోందే అంది. దానికా పిల్ల నవ్వి, దక్షిణాన వరి పండే మా కాజమాన్స్‌లో ఇది పసిపిల్లల ముద్ద అంది.

యాందే చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. "నీ ఇంటిపేరేమిటే?"

"జాత్తా. అలిమతు జాత్తా."

యాందే ఎడమచేత్తో నెత్తి కొట్టుకుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. జాత్తా అంటే జోలా జాతి, అన్నం తినేవాళ్ళు. లాతిర్ దియోన్ సెరేర్ వాడు, సజ్జలు తినే జాతి. వెనకటికి ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఎక్కిన పడవ నడిమికి విరిగిందట. ఒకతె ఉత్తరాన ఒడ్డుకు కొట్టుకొచ్చి సెరేర్లకు తల్లి అయింది, ఇంకొకతె దక్షిణాన చేరి జోలాలకు తల్లి అయింది. అప్పటినుంచీ ఈ రెండు జాతులకూ సరసపు వరస. బావామరదళ్ళ వేళాకోళం దీని ముందు దిగదుడుపే. ఒకరినొకరు బానిస అనుకోవచ్చు, ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు. పైగా ఆ వరసవాళ్ళు అడిగింది కాదంటే అరిష్టమని నమ్మకం. తన బింకం వల్ల ఇన్నాళ్ళు వృథా అయ్యాయని యాందేకి నిజంగానే సిగ్గేసింది. చెయ్యి కడుక్కుని, నర్సమ్మకు సంగతంతా చెప్పి, రేవుకు లాక్కుపోయింది.

రేవులో మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటున్నారు. లాతిర్ బొగ్గుల కుంపటి మీద టీ కాస్తున్నాడు.

"ఈ ఊళ్ళో నా బానిస ఒకడున్నాడంట. సజ్జలు మేసి సజ్జల బస్తాలా తయారయ్యాడంట. ఎవడాడు?" అంది నర్సమ్మ.

లాతిర్ వెనక్కి తిరక్కుండానే మొహం చాటంత చేసుకున్నాడు. "అన్నం వాసనేంటా అనుకున్నా. జోలాది దిగింది. గిన్నెలు దాచెయ్యండ్రా."

వలలు పక్కనపడ్డాయి. కాసేపు తిట్ల పండగ జరిగింది. అప్పుడు నర్సమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"నువ్వు నా బానిసవైతే నీ పిల్లలూ నా వాళ్ళే. తిండి నేనే పెట్టాలి. ముగ్గుర్ని సాకలేక చస్తన్నా. మూడేళ్ళు ఆగు. ఇది యజమాని ఆజ్ఞ."

మగవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. లాతిర్ కూడా నవ్వాడు. "మేం తగ్గిపోతే మీకు రాజులెవరుంటారే?"

"రాణి చచ్చిపోతే నీకు రాజ్యం దేనికిరా?"

నవ్వు ఆగిపోయింది. ఆ మాట ఇంకెవరన్నా లాతిర్ లేచి వెళ్ళిపోయేవాడు. జోలా ఆడపడుచు అంది కాబట్టి లేవకూడదు, కోప్పడకూడదు. అతను టీ కెటిల్‌తో చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పాడు.

"మా అక్క ఏదో మందు వాడింది. మళ్ళీ కడుపు పండలేదు. మొగుడు తోలేశాడు. నిలాన్‌కి అట్టా అయితే మావాళ్ళు నాకు రెండోదాన్ని తెస్తారు. నాకు నిలానే కావాలి."

యాందే అతన్ని ఇన్నాళ్ళూ మొండివాడనుకుంది. భయపడుతున్నాడని ఒక్కనాడూ తట్టలేదు. తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుందామా అనిపించింది గాని, మేనత్త కనుక ఊరుకుంది.

నర్సమ్మ వేళాకోళం కట్టిపెట్టింది. అక్కకేమైందో చూడకుండా చెప్పలేననీ, ఆమెను ఒకసారి తీసుకురమ్మనీ అంది. తర్వాత చొక్కా చెయ్యి పైకి లాగింది. "పెద్దోడు పుట్టాక నేనూ పెట్టించుకున్నా. తీయించాక చిన్నది పుట్టింది. ఇప్పుడు మళ్ళీ పెట్టుకున్నా. పట్టి చూడు."

లాతిర్ రొయ్య బతికుందో లేదో చూసినట్టు వేలి కొసతో నొక్కి చూశాడు. చర్మం కింద సన్నగా తగిలింది. కాస్త తేరుకుని మగవాళ్ళకేసి తిరిగాడు.

"ఒంట్లో కూడా అన్నం మెతుకు దాచుకుందిరా."

మర్నాడు మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆస్పత్రికి వచ్చారు. లాతిర్‌ని బయట కూర్చోబెట్టి, నర్సమ్మ నిలాన్‌ని ఒంటరిగా అడిగింది, ఇది నీ ఇష్టమేనా అని.

"నా ఇష్టమే. ఆయన రాకపోయినా ఇదే చెబుదును. వచ్చాడు, అందుకు సంతోషం."

పని తొందరగానే అయిపోయింది. చేతికి కట్టు కట్టి, రెండు రోజులు బరువులెత్తొద్దని చెప్పింది నర్సమ్మ. బయట చంటిది ఏడుపు లంకించుకుంది. ఎత్తుకోబోయిన నిలాన్‌ని ఆపి, యాందే లాతిర్ వైపు చూసింది. లాతిర్ చుట్టూ చూశాడు. ఆ ఊళ్ళో మగవాడు పిల్లను వీపున కట్టుకోవడం ఎవరూ ఎరగరు. తప్పించుకునే దారి కనపడక వంగాడు. యాందే తన పైగుడ్డ తీసి, పిల్లను అతని వీపు మీద వేసి గట్టిగా బిగించింది.

బజారులో చేపలమ్మే ఆడవాళ్ళు బుట్టలు దించి మరీ నవ్వారు. లాతిర్ తల ఎత్తుకునే నడిచాడు.

"జోలాదాని ఆజ్ఞ. ఏం చేస్తాం," అంటూ దారి పొడుగునా అందరికీ చెప్పాడు. పిల్ల అతని మెడ మీద చొంగ కారుస్తూ నిద్రపోయింది.

వెనక నిలాన్, యాందే నడుస్తున్నారు. నిలాన్ రెండు చేతులూ కట్టుకుంది, విప్పింది, కొంగు పట్టుకుంది, వదిలేసింది. పెద్దది పుట్టినప్పటినుంచీ ఆ చేతుల్లో ఒక పిల్లో, ఒక బిందో లేకుండా ఆమె ఈ వీధిలో నడవలేదు.

"వీటిని ఏం చేసుకోవాలత్తా?"

ఆరుగురిని మోసిన యాందేకి ఇలాంటి ఒక్క రోజు ఎవరూ ఇవ్వలేదు. ఆ దుఃఖమూ, ఈ పిల్లను చూసిన ఆనందమూ ఒక్కసారే పొంగాయి. కళ్ళు తుడుచుకుందామంటే పైగుడ్డ కూడా లాతిర్ వీపున ఉంది.

"ఏం చెయ్యకు. ఊరికే ఊపుకుంటా నడువు," అంది.

నిలాన్ ముందు సిగ్గుపడింది. వీధి మలుపు తిరిగేసరికి నిజంగానే చేతులూపుకుంటూ నడుస్తోంది.