టీబీ అని చెప్పిన జబ్బు

రక్తం తక్కువగా ఉందన్నారు అని చెప్తే సరిపోతుంది, మూడో నెల కదా, ఖర్జూరం తినమన్నారు అంటే ముస్తాక్ ఇంటికెళ్లే లోపే బండి ఆపి కొంటాడు, అంత మంచివాడు, అందుకే అబద్ధం ఇంకా కష్టంగా ఉంది అనీసాకి, ప్రత్తిపాడు ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని చున్నీ అంచు వేలికి చుడుతోంది, విప్పుతోంది, ఇందాక సిస్టర్ కనకలక్ష్మి గారు తలుపు దగ్గరికి వేసి హెచ్ఐవీ టెస్టు పాజిటివ్ చూపిస్తోందమ్మా అన్నప్పుడు భయం కూడా వేయలేదు, నాకు జబ్బు లేదు సిస్టర్, పెళ్లికి ముందు గుంటూరులో ఆ జబ్బుకి టీకా కనిపెట్టే ప్రయోగంలో చేరాను, ఆ సూదుల వల్ల ఇలా చూపించవచ్చని డాక్టర్ అన్విత గారు ముందే చెప్పారు అంటే, సిస్టర్ నమ్మీ నమ్మక అన్విత గారికే ఫోన్ చేసింది, అవునండీ, మా ప్రయోగంలో అమ్మాయే, మీ టెస్టు చూసేది టీకాకి పుట్టిన యాంటీబాడీలని, వైరస్‌నే వెతికే టెస్టు వేరే ఉంది, రక్తం మాకు పంపండి అని అటు నుంచి గలగలా వినిపించింది, సిస్టర్ ఊపిరి పీల్చుకుని, నీ ఇష్టం లేకుండా నేనెవరికీ చెప్పనమ్మా, మీ ఆయనకి చెప్తావా మరి అంది.

టీకా సంగతి చెప్పడం ఏమంత పని, అన్విత గారు తనకి చెప్పినట్టే చెప్పొచ్చు, ఆ వైరస్ పూటకో వేషం మారుస్తుందండీ, కానీ మారని చోటు ఒకటుంటుందట, ఏ వేషంలో ఉన్నా అక్కడే పట్టుకునే యాంటీబాడీలు ఒంట్లో పుట్టాలట, ఒక్క సూదితో రావట, బళ్లో తరగతుల్లా ఒకదాని తర్వాత ఒకటి వేయాలట, పనిచేస్తాయో లేదో ఇంకా వాళ్లకీ తెలీదట, అన్నీ వింటాడు ముస్తాక్, విని, అసలు నువ్వెందుకు చేరావే అంటాడు, అప్పుడు హీనక్క పేరు ఎత్తాలి, అక్క ఎలా పోయిందమ్మా అని పెళ్లిచూపుల్లో ముస్తాక్ వాళ్లమ్మ అమీర్‌బీ అత్త అడిగితే టీబీ అండీ అంది అమ్మ, తను తల వంచుకుంది, అక్క పనిచేసిన మిరపకాయల తొడిమలు తీసే షెడ్డులో మధ్యాహ్నం బాక్సులన్నీ మధ్యలో పెట్టి ఒకరి కూరలో ఒకరు చెయ్యి పెట్టి తింటారు, బావ అదే జబ్బుతో పోయాక హెచ్ఐవీ మందులిచ్చే గది ముందు అక్కని ఎవరో చూశారు, మర్నాడు అక్క గోంగూరని ఒక్కరూ ముట్టుకోలేదు, ఆకలి లేదే అంటూ బాక్సు మూసేసింది పిచ్చి తల్లి, ఆ తర్వాత మందులకీ వెళ్లడం మానేసింది, మళ్లీ ఎవరైనా చూస్తారని, మందులుండీ, రోజూ వేసుకుంటే ముసలిదయ్యేదాకా బతికే మందులుండీ, చచ్చిపోయింది.

ముస్తాక్ వస్తున్నాడు, చేతిలో కొబ్బరిబోండాం, ఏమన్నారు, మొహం అట్లా పెట్టావేంటి అంటున్నాడు, ముందు నాకేం జబ్బు లేదు అనేస్తే చాలు, గుండె నిమ్మళిస్తుంది, ఇద్దరికీ, నాకు లేదు, నాకు లేదు, నాలుక చివరిదాకా వచ్చింది మాట, బాక్సు దూరంగా జరుపుకున్న ఆడవాళ్లు కూడా ఇదే కదా అన్నది, మాకు లేదు అనే కదా, నిజంగా ఉన్న అక్కకి ఏ మాట మిగిలింది, మరి తను ఎవరి కోసం చెయ్యి చాచి సూదులు పొడిపించుకుంది, కూర్చోండి, ముందు మా హీనక్క సంగతి చెప్పాలి, అక్కకి వచ్చింది టీబీ కాదండీ, హెచ్ఐవీ, మీ అందరికీ అబద్ధం చెప్పాం, ముస్తాక్ ఏమంటాడో, ఇంటికెళ్లాక అత్త ఏమంటుందో తెలీదు, అయినా అక్క పేరూ ఆ జబ్బు పేరూ కలిపి పైకి అనడం బతుకులో ఇదే మొదటిసారి, అన్నాక కూడా మనసులో అక్క అక్కలాగే ఉంది.