కోడలి ఒంట్లో నా కిడ్నీ

నాకు అనుమానం ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు. ఉండదా మరి? దుస్తుల ఫ్యాక్టరీలో కుట్లు తనిఖీ చేయడం నా పని. బాగుందన్న చొక్కానే ముందు తిరగేసి చూస్తాను. అలాంటిదాన్ని కిందటేడు కోడలికి కిడ్నీ ఇచ్చానంటే చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. వాళ్ళమ్మది సరిపోలేదు, మా వాడిది సరిపోలేదు, నాది సరిపోయింది. ఇక ఆలోచించేదేముంది?

పోయిన నెల, ఏడాది నిండాక చేసే పరీక్షలకి తోడు వెళ్ళాను. డాక్టరమ్మ గదిలోంచి కోడలు పాలిపోయిన మొహంతో వచ్చింది.

"గర్భాశయ ముఖద్వారం దగ్గర వైరస్ ఉందట అత్తయ్యా. అక్కడి కణాలు మారుతున్నాయట. వదిలేస్తే క్యాన్సర్ కావచ్చట."

ఎదురుగా గోడ మీద ఆ వైరస్ గురించే పోస్టరు ఉంది. లైంగిక కలయిక వల్ల సోకుతుందని పెద్ద అక్షరాలు. కింద చిన్న అక్షరాల్లో ఇంకేదో రాసుంది కానీ, సంచిలోంచి కళ్ళజోడు తీసే ఓపిక నాకు లేకపోయింది.

మా వాడు లిఫ్టులు బాగుచేస్తాడు, పది చోట్ల తిరుగుతాడు. ముందు వాణ్ణే నిలదీశాను. "అమ్మా, నీకేమైనా పిచ్చా?" అన్నాడు. అబద్ధమాడితే వాడి చెవులు ఎర్రబడతాయి. ఎర్రబడలేదు. ఇక మిగిలింది కోడలే.

అప్పట్నుంచి తన మీద ఓ కన్నేసి ఉంచాను. ఫోను మోగితే చెవులు రిక్కించాను. బజారునుంచి రావడం ఆలస్యమైతే వీధి చివరిదాకా వెళ్ళి నిలబడ్డాను. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది. అప్పుడు పడింది నా కంట. మాత్రల అలారం మోగగానే స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకుంటోంది. వెంటనే కుళాయి చప్పుడు. ఇదివరకు వంటింట్లో, నా ఎదురుగానే మింగేది.

ఇవాళ పొద్దున తను బయటికి రాగానే నేను దూరాను. ఇంకో ఫోను దాచిందేమోనని అద్దం వెనకా బకెట్టు కిందా వెతికాను. నీళ్ళు పోయే జాలీలో తెల్లగా ఏదో ఇరుక్కుని ఉంది. వేలితో లాగాను. సగం కరిగిన మాత్ర. నా కిడ్నీని కాపాడే మాత్ర. అరచేతిలో పెట్టుకుని బయటికొచ్చాను.

"ఏమిటే ఇది?"

కోడలు దాచలేదు. "ఈ మాత్రలు ఒంట్లో కాపలాని జోకొడతాయట అత్తయ్యా. అందుకే వైరస్ విజృంభించిందట. మానేస్తే ఒళ్ళే దాన్ని తరిమేస్తుందనుకున్నాను. మళ్ళీ పరీక్షలో లేదని వస్తే, మీరు నన్ను అలా చూడ్డం మానేస్తారు కదా."

తన చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తాను.

ముందు డాక్టరమ్మ కోడలికి చివాట్లు పెట్టింది. తను ఎందుకు మానేసిందో విన్నాక నా వైపు తిరిగింది. "ఈ వైరస్ చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. మామూలుగా ఒళ్ళే అణిచేస్తుంది. ఏళ్ళ తరబడి దాక్కునీ ఉండొచ్చు. ఎప్పుడొచ్చిందో, ఎవరి నుంచో ఏ పరీక్షా చెప్పదు. పాడైన కణాల్ని చిన్న చికిత్సతో మేం తీసేస్తాం. కానీ మాత్రలు మానితే ఆ కాపలా లేచి మీ కిడ్నీ మీద పడుతుంది. పరాయిదని అనుమానం వచ్చాక ఇక దానికి నచ్చచెప్పడం కష్టం."

చెబుతున్నది కిడ్నీ గురించే. తగిలింది మాత్రం నాకు.

రక్తపరీక్షలో కిడ్నీ కాస్త దెబ్బతిన్నట్టు తేలింది. ఇంకొన్నాళ్ళు గడిస్తే చేయిదాటిపోయేదట. ఆస్పత్రి మెట్ల మీద కూలబడి ఏడ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం అలారం మోగింది. కోడలు గ్లాసుతో వంటింట్లోకి వచ్చి నా ఎదురుగా నిలబడింది. మాత్ర నోట్లో వేసుకుంది, నీళ్ళు తాగింది. తర్వాత నోరు తెరిచి, నాలుక పైకెత్తింది.

"చూసుకోండి అత్తయ్యా."

చూడాలనే ఉంది. ఇన్నేళ్ళ తనిఖీ బుద్ధి ఒక్కపూటలో ఎక్కడికి పోతుంది? మెడ దానంతటదే ముందుకు వంగింది కూడా.

కళ్ళు గట్టిగా మూసుకున్నాను. "నోరు మూసుకోవే తల్లీ," అన్నాను.