బుడగలు పోయేదాకా

మొగుడి నోట "వద్దు" అనే మాట ఒక్కసారైనా వినాలని ఆమె పన్నెండేళ్ళుగా ఎదురు చూస్తోంది. వద్దంటే పోట్లాడవచ్చు. అలగవచ్చు, అన్నం మానేయవచ్చు, పుట్టింటికి పోతానని బెదిరించనూ వచ్చు. కానీ అతను అనేది ఒకటే మాట: "చూద్దాంలే." ఆ మాటతో ఎవరు మాత్రం ఏమని పోట్లాడతారు? దిండును ఎంత గుద్దినా దిండుకేమీ కాదు.

అతను నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిట్టరు. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేసిన మనిషి. అక్కడ అందరూ సూదమ్మ అనేవారు. సూది గుచ్చిన సంగతి గుచ్చించుకున్నవాళ్ళకే తెలిసేది కాదు, గుక్కపట్టి ఏడ్చే పిల్లల్ని ఏరికోరి ఆమె బల్ల దగ్గరికే పంపేవారు. కూతురు పుట్టాక మానేసింది. తర్వాత మూడుసార్లు మళ్ళీ చేరదామనుకుంది. మొదటిసారి పిల్లకు పళ్ళు రానిచ్చి చూద్దామన్నాడు. రెండోసారి పిల్లను బళ్ళో వేశాక చూద్దామన్నాడు. మూడోసారి ఏమన్నాడో ఆమెకే గుర్తు లేదు. అడ్డుపడ్డాడని చెప్పడానికి సాక్ష్యం ఒక్కటీ లేదు. పైగా ఆమెకు కారు నడపడం నేర్పింది అతనే, టైరు మార్చడం నేర్పిందీ అతనే.

నాలుగోసారి ఆమె చెప్పకుండా దరఖాస్తు పెట్టింది. కాగితం వచ్చాకే చూపించింది. ముప్ఫై కిలోమీటర్ల అవతల పెద్దాసుపత్రిలో ఉద్యోగం. శనివారం పగలు పన్నెండు లోపల వచ్చి సంతకం పెట్టాలి, రాకపోతే జాబితాలో తరువాతి మనిషిని తీసుకుంటామని అడుగున అచ్చులో ఉంది. ఫిట్టరు కాగితం రెండుసార్లు చదివి, "బాగుందే! వెళ్ళాల్సిందే" అన్నాడు. ఆ ముక్కకు సూదమ్మ కాళ్ళు రెండు రోజులు నేల మీద ఆనలేదు.

శనివారం పొద్దున ఏడింటికి కారు కింద ఎర్రటి నూనె మడుగు కట్టి ఉంది. స్టీరింగు రెండు రోజుల నుంచీ బరువుగానే తిరుగుతోంది. స్టీరింగుకు నూనె అందించే పంపు నుంచి కిందికి దిగే గొట్టం, రబ్బరు ఇనుములోకి దూరేచోట చిట్లి, చాప కింద నీరులా కారుతోంది. ఫిట్టరుకు అది ముందే తెలుసు, కొత్త గొట్టం కూడా తెచ్చి పెట్టుకున్నాడు. పాత చొక్కా వేసుకుని, జాకీతో ముందు చక్రాలు రెండూ పైకి లేపి, కింద స్టాండ్లు పెట్టి, పాత బేసిను ఒకటి తోసి, కారు కిందికి దూరాడు.

ఎనిమిదిన్నరకు సూదమ్మ ఇస్త్రీ బట్టలు కట్టుకుని, సర్టిఫికెట్ల సంచి చంకన పెట్టుకుని బయటికొచ్చింది.

"తొమ్మిది బస్సుకి పోతానండీ. బండి పని మీరు నిదానంగా చేసుకోండి."

"ఇంట్లో బండి పెట్టుకుని బస్సులో వేలాడతావా?" కారు కింద నుంచి మాట వచ్చింది. "మొదటిరోజే నలిగిన బట్టలతో పోతే ఏం బాగుంటుంది? అరగంట పని. నా మాట విను."

ఆమె విన్నది. ఆ రోజు మొత్తం మీద ఆమె చేసిన తప్పు అదొక్కటే. తరువాతి బస్సు ఒంటిగంటకు, వాళ్ళుండే పేటకు కిరాయి బండ్లు రమ్మన్నా రావు.

పని మాత్రం అతను ఒళ్ళు దాచుకోకుండా చేశాడు. తుప్పు పట్టిన నట్టు మొరాయిస్తే నూనె పోసి నానబెట్టాడు, పానా జారి వేలి కణుపు చెక్కుకుపోతే గుడ్డపీలిక చుట్టుకున్నాడు. ఎదురింటి పిన్నిగారు గేటు దగ్గర నిలబడి, "పెళ్ళాం ఉద్యోగానికని ఇంత కష్టపడే మగాణ్ణి నేనెక్కడా చూళ్ళేదమ్మాయ్! పెట్టి పుట్టావు" అంది. సూదమ్మ నవ్వింది. నిజంగానే ఆ నిమిషాన ఆమెకు మొగుడి మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఆ సంగతి తర్వాత తలుచుకుంటేనే ఆమెకు ఎక్కువ ఒళ్ళు మండింది.

పదింబావుకు కొత్త గొట్టం బిగిసింది. బానెట్ ఎత్తి, పంపు మీదుండే నూనె డబ్బాలో కొత్త నూనె పోశాడు.

"ఇంక గాలి తీయాలి. గొట్టంలో గాలి ఉంటే స్టీరింగు మూలుగుతుంది, పంపు పాడైపోతుంది. నువ్వు లోపల కూర్చుని ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిప్పుతూ ఉండు. నేను డబ్బాలో చూస్తుంటా. బుడగలు ఆగిపోతే గాలి పోయినట్టే."

"ఎన్నిసార్లు తిప్పాలండీ?"

"ఓ ఇరవై. చూద్దాం."

ఆమె కూర్చుంది. ఎదురుగా బానెట్ తలుపులా లేచి ఉంది. దాని అవతల మొగుడు ఉన్నాడు, ఇవతలికి గొంతు ఒక్కటే వస్తోంది. ఎడమకు చివరిదాకా, కుడికి చివరిదాకా. ఇరవై అయ్యాయి.

"పోయాయా అండీ?"

"వస్తున్నాయి, వస్తున్నాయి. తిప్పు."

ఇంజను వేయమన్నాడు, వేసింది. స్టీరింగు మొదట ముసలి కుక్కలా మూలిగింది, పది తిప్పుళ్ళకు ఆ మూలుగూ ఆగింది. పదీ నలభై అయింది.

"ఏమండీ, చప్పుడు పోయినట్టుంది కదా?"

"చప్పుడు పోతే సరా? బుడగలు చిన్నచిన్నవి ఇంకా వస్తున్నాయి."

ఎడమకు, కుడికి. పదకొండయింది. ఆసుపత్రికి ఫోను చేద్దామంటే, "అయిపోవచ్చాక ఫోనెందుకు, వాళ్ళ ముందు చులకన" అన్నాడు. రెక్కలు పీకుతున్నాయి, ఇస్త్రీ బట్టలు వీపుకు అంటుకుపోయాయి. ఆలస్యం అమృతం విషం అని వాళ్ళమ్మ రోజుకు పదిసార్లు అనేది. ఆ మాట స్టీరింగుతోపాటు బుర్రలో అటూ ఇటూ తిరుగుతోంది. అడిగినప్పుడల్లా బానెట్ వెనక నుంచి అదే చల్లని గొంతు: "ఇంకా వస్తున్నాయి."

పదకొండూ ఇరవైకి, "ఇంకా..." అన్న మాటకు తోడు పానాలు పెట్టెలో పడుతున్న చప్పుడు వినిపించింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. సామాను సర్దుతున్న మనిషికి డబ్బాలో బుడగలు ఎలా కనిపిస్తున్నాయి? సూదమ్మ ఇంజను ఆపి దిగి ముందుకెళ్ళింది.

ఫిట్టరు కిరసనాయిలు గుడ్డతో పానాలు తుడుచుకుంటూ, కారుకు వీపు పెట్టి కూర్చున్నాడు. నూనె డబ్బా మూత బిగించి ఉంది. మూత మీద చెయ్యి తుడిచిన మరక కూడా ఎండిపోయింది.

"మూత పెట్టేశారేంటి?"

"ఇప్పుడే పెట్టా. ఇంకో పది తిప్పితే..."

ఆమె మూత తిప్పి తీసింది. నూనె ఎర్రగా, నిండుగా, కదలకుండా ఉంది. ఒక్క బుడగ లేదు. ఏళ్ళ తరబడి సిరంజీని వెలుతురుకు ఎత్తిపట్టి, గోటితో తట్టి, ఆవగింజలో సగం ఉన్న బుడగను కూడా బయటికి తోలిన కళ్ళవి. ఊళ్ళో ఇంకెవరికైనా బుడగల గురించి అబద్ధం చెప్పవచ్చు. ఆమెకు చెప్పాడు, ఆమె గంటకు పైగా నమ్మింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అదీ సంగతి.

"ఎప్పుడు పోయాయి?"

"ఏవి?"

"బుడగలు."

అతను తలెత్తాడు. పట్టుబడ్డ కంగారు ముఖంలో ఎక్కడా లేదు. "నీ జాగ్రత్త కోసమే కదా! దారిలో స్టీరింగు పట్టేస్తే? పిల్ల తల్లివి" అన్నాడు, పంచదార గొంతుతో.

అరుద్దామనుకుంది. అరిస్తే ఎదురింటి పిన్నిగారు ఎవరి వైపు మాట్లాడుతుందో కూడా తెలుసు. చక్రాలు బిగిసి ఉన్నాయో లేదో చూసుకుని, స్టాండ్లు లాగి, జాకీ తానే దించింది. బానెట్ వేసింది. ఆసుపత్రికి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

దారంతా స్టీరింగు ఒంటి వేలితో తిరిగింది. మూలుగు లేదు, వణుకు లేదు, పనికి వంక పెట్టడానికి లేదు. అంత బాగా చేసినందుకే ఆమెకు ఏడుపొచ్చింది. చెడగొట్టి ఉంటే చేతకానివాడని సరిపెట్టుకునేది.

ఆసుపత్రి గుమాస్తా మంచివాడే. గోడ గడియారం వైపు చూపించాడు. పన్నెండూ పద్దెనిమిది.

"పన్నెండుంబావు దాకా చూశామమ్మా. జాబితాలో రెండో అమ్మాయి పొద్దున్నుంచీ బెంచీ మీదే కూర్చునుంది. ఏం చెప్పమంటారు?"

లోపలి గదిలో ఆ రెండో అమ్మాయి వంగి సంతకం పెడుతోంది. కలం సరిగ్గా రాయకపోతే విదిలించి మళ్ళీ పెట్టింది. సూదమ్మ అది చివరిదాకా చూసి, సర్టిఫికెట్ల సంచి చంకన పెట్టుకుని బయటికొచ్చింది.

ఇంటికొచ్చేసరికి ఫిట్టరు కారు నిలిపేచోట మట్టి చల్లి నూనె మరక కప్పేశాడు. కారు దగ్గరికొచ్చి ముందు చక్రం మీద అరచెయ్యి వేశాడు.

"స్టీరింగు ఎలా ఉంది?"

"బాగుంది."

"చెప్పానా! మరి అక్కడ?"

"వేరే అమ్మాయిని తీసుకున్నారు."

"అయ్యో" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు, కళ్ళు కూడా చెమర్చాయి. చెడ్డవాడైతే ఆ కళ్ళు చెమర్చవు, అదే ఆమె ప్రాణానికి వచ్చిన చిక్కు. "పోనీలే, బెంగపెట్టుకోకు. ఇదొక్కటేనా ఉద్యోగం? ఇంకోటి వస్తుంది. చూద్దాంలే."

"చూశాను" అంది సూదమ్మ.

డబ్బా మూత తీసిన దగ్గర్నుంచీ ఆమె నోట "అండీ" రాలేదు, పన్నెండేళ్ళలో అదే మొదటిసారి. అతనది గమనించలేదు. చేతుల జిడ్డు వదలడం లేదు, సబ్బెక్కడుందని అడిగాడు.