కొలతకొచ్చిన చేపలు

ప్రతి గురువారం భూషణం తొందరగా లేచి, కొలతబల్ల కడిగి కచేరీ గుమ్మం ముందు వేసేవాడు. బస్తర్ సంస్థానం కోంటాలో నియమించిన మచ్చీ దారోగా ఆయన. మద్రాసులో చేపల చదువు చదివొచ్చాడు. అంత చదివినా గంజి వార్చడం రాదని ఊరంతటికీ తెలుసు. ఎండుచేపలమ్మే తిరుపతమ్మ సంతలో బుట్ట దించకముందే ఆ సంగతి దించేది.

శబరి ఏట్లో ఏ చేప ఎంత పెరుగుతోందో, ఎప్పుడు గుడ్లు పెడుతుందో రాసి, ఎంత చిన్నవాటిని పట్టకూడదో చెప్పడం ఆయన పని. ఎండ ఎక్కకముందే చేపలు రేవెక్కి వచ్చేవి. నోట్లో గుక్కెడు నీళ్ళు పట్టుకుని, ఇసుక మీద మెల్లగా జరుగుతూ వరుసకట్టేవి. కొర్రమీను ఆ గుక్కెడు నీళ్ళలోనే ఎర్రటి పిల్లల్ని కూడా తెచ్చేది. వాలుగకు ఓపిక తక్కువ, ముందున్నదాన్ని మూతితో పొడిచేది. మీసాలున్నాయి కదా అని జెల్లలు పెద్దరికం చేసేవి. భూషణం ఒక్కోదాన్ని బల్ల మీద పడుకోబెట్టి, గీత చూసి, పొలుసున్నవాటికి ఒక పొలుసు తీసి భూతద్దం కింద వయసు చదువుకుని పంపేవాడు.

నీళ్ళలో ఉన్న చేపను ఎవరైనా పట్టుకోవచ్చు. కొలతకు వచ్చిపోయే చేపను ముట్టుకోకూడదు. అది ఊరి కట్టు. వల వేస్తే సగం ఏరు ఖాళీ చేసే జోగ కూడా గురువారం పక్కకు జరిగి దారిచ్చేవాడు.

ఆ ఏడు తొలకరికి చేపలన్నీ గుడ్లతో బరువెక్కి రేవు కింది మడుగులో చేరాయి. సరిగ్గా అప్పుడే గుత్తలు పట్టే టేకేదారు దశరథరామయ్య, సంస్థానం కొలువున్న జగదల్‌పూర్ నుంచి కాగితం తెచ్చుకున్నాడు. దొరల విందుకని మడుగులో మందు తోటాలు పేల్చి చేపలు పట్టుకోవచ్చట. ఒక్క తోటాతో రాబోయే ఏళ్ళ చేపలు కూడా పోతాయని భూషణం అర్జీ రాశాడు. హుకుం హుకుమేనని జవాబొచ్చింది.

దశరథరామయ్య ముహూర్తం లేనిదే తుమ్మడు కూడా. పంచాంగంలో మంచి ఘడియ చూసుకున్నాడు, వారం చూసుకోలేదు. అది గురువారం.

ఆ రోజు భూషణం చేతులకు ఎక్కడ లేని నెమ్మది వచ్చింది. ప్రతి చేపనూ రెండుసార్లు కొలిచాడు. కొలిచినదాన్ని పంపకుండా వరుస చివర నిలబెట్టాడు.

“ఏంది సారూ, ఇయ్యాల జెల్ల మీసాలు గూడ లెక్కబెడుతుండ్రు?” అంది తిరుపతమ్మ.

“ఎనిమిదున్నాయో లేదో చూస్తున్నా.”

“పోయిన వారం ఎనిమిదే గదా.”

“పోయిన వారానిది పోయిన వారానిదే, తిరుపతమ్మా.”

ఆమె మడుగు వైపు చూసింది. టేకేదారు మనుషులు తోటాలకు వత్తులు కడుతున్నారు. బుట్ట దించి బిందె ఎత్తింది. ఎండ ముదిరేసరికి ఊరంతా బిందెలతో వచ్చి చేపల నోళ్ళలో నీళ్ళు పోస్తోంది. శుక్రవారం వాటినే పులుసు పెట్టుకునేవాళ్ళు, గురువారం చుట్టాలకు పోసినట్టు పోశారు.

మధ్యాహ్నం తోటాలు పేలాయి. మడుగులోంచి ఒక విరిగిన తెడ్డు, జోగ పోగొట్టుకున్న వల తేలాయి. దశరథరామయ్య రొప్పుతూ కచేరీకి వచ్చి, వరుసలో లావుపాటి వాలుగ మీద చెయ్యి వేయబోయాడు.

“సావుకారూ,” అంది తిరుపతమ్మ, “నువ్వు కచేరీకి పోతుంటే దారిలో ఎవరన్నా పట్టుకుని పులుసు పెట్టుకుంటరా?”

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పొద్దు వాలాక, నీళ్ళు తేరుకున్నాక, చేపలు మడుగులోకి దిగిపోయాయి.

పది రోజులకు ఇంకో కాగితం వచ్చింది. కోంటాలో మచ్చీ దారోగా ఉద్యోగం తీసేశారు. పుస్తకాలూ బల్లా జగదల్‌పూర్‌లో అప్పగించి భూషణం తన దారి తాను చూసుకోవాలి. జోగ బండి మీద సామాను కట్టుకుని ఆయన తెల్లారకముందే బయల్దేరాడు. వారం చూసుకోకపోవడం ఈసారి ఆయన వంతయింది.

దారిలో ఎర్రబోరు ఊరు ఇంకా దూరంగా ఉండగానే జోగ ఎడ్లను ఆపాడు.

“సారూ, ఇయ్యాల బేస్తారం.”

గురువారమని అప్పుడు గుర్తొచ్చి భూషణం వెనక్కి తిరిగాడు. అడవి మధ్య బాట పొడుగునా, చెట్ల సందుల్లోంచి పడే వెలుగులో వరుస మెరుస్తూ వస్తోంది. ముందు వాలుగ. చిట్టచివర కొర్రమీను, మూతి బిగించుకుని.

“నోట్లో నీళ్ళు ఎంతసేపుంటయి?”

“ఇంటిదాకా ఉంటాయేమో. ముందుకు పోతే ఉండవు.”

“మరి జగదల్‌పూర్?”

జోగ బండి తిప్పాడు. వరుస కూడా తిరిగింది.

కచేరీకి సంస్థానం తాళం వేసింది. అందుకని తిరుపతమ్మ అరుగు మీద బల్ల వేసి, పొద్దెక్కేదాకా భూషణం అన్నిటినీ కొలిచి పంపాడు. జీతం లేదు, కొలువు బిళ్ళ లేదు, పోవడానికి ఇంకో చోటూ లేదు. తిరుపతమ్మ లోపలికి పోయి, ఇద్దరికి సరిపడా గంజి వార్చింది.

తెల్లారి ఆమె వడ్రంగి లచ్చును పిలిచి ఆయనకు మంచం చెయ్యమంది.

“ఎంత పొడుగు గావాలె?”

తిరుపతమ్మ కొలతబల్ల చూపించింది. భూషణం దాని మీద పడుకున్నాడు, కాళ్ళు సగం బయటికి వచ్చాయి. ఆమె బొగ్గుముక్కతో అరుగు మీదే ఆయన పాదాల దగ్గర గీత గీసేదాకా ఆయన కదల్లేదు. వాలుగ కంటే బుద్ధిమంతుడని జోగ ఇప్పటికీ చెబుతాడు.