నలభై ఒక్క పద్నాలుగులు

నేను ఒక చెక్క కంపాసును. పాఠ్యపుస్తకాల్లో నా పేరు వృత్తలేఖిని. నల్లబల్ల మీద గుండ్రాలు గీయడానికి పుట్టాను. ఒక కాలికి ఇనుప మేకు, రెండో కాలికి సుద్దముక్క బిగించే ఇత్తడి పట్టు. ఒక కాలు కదలకుండా నిలబడితేనే రెండోది తిన్నగా తిరుగుతుంది. నాకు తెలిసిన శాస్త్రం అంతే. మనుషులకు రెండు కాళ్ళూ ఒకేసారి ఎత్తాలని ఉంటుంది. వాళ్ళ గుండ్రాలు వంకరపోవడానికి కారణం అదే కాబోలు.

బొబ్బిలి వడ్రంగి ఒకాయన తలుపుల పని చెయ్యగా మిగిలిన టేకు ముక్కలతో నన్ను చేశాడు. తలుపులు ఏ మేడకు వెళ్ళాయో నాకు తెలియదు. నేను మాత్రం కొండల అంచున ఉన్న గొట్టివలస హైస్కూలుకు వచ్చాను. మొదటి లెక్కల మాస్టారు పదహారేళ్ళు నన్ను వాడుకుని పింఛను పుచ్చుకున్నారు. ఆయన ఖాళీలోకి నాలుగేళ్ళు ఎవరూ రాలేదు. ఊరికి రోజుకు రెండే బస్సులు. ఆ మాట విన్నవాళ్ళు విన్నట్టే బదిలీ మార్పించుకునేవారు.

లెక్కల పీరియడు డ్రిల్లు మాస్టారికి అప్పగించారు. ఆయన చెడ్డవాడేం కాదు. తనకు రాని పాఠాన్ని, రానట్టు కనబడకుండా చెప్పాలి, అంతే. గైడు పైకి చదివేవాడు, పిల్లలు రాసుకునేవారు, మర్నాడు అప్పజెప్పేవారు. ఒక్క మాట తేడా వస్తే గోడ మేకుకున్న నన్ను తీసేవాడు. గుండ్రం గీయడానికి కాదు. నా కాళ్ళు రెండూ దగ్గరకు మడిస్తే పిల్లల అరచేతులకు సరిగ్గా సరిపోతానని కనిపెట్టాడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా నేను దాయను.

ఆ తర్వాత ఒక జూన్‌లో కింతలి హిమజ వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, విజయనగరంలో జనపనార మిల్లు కార్మికుడి కూతురు, ఎమ్మెస్సీ గణితంలో బంగారు పతకం. ఒక కంప్యూటర్ కంపెనీ పిలిచి ఉద్యోగం ఇస్తానంటే కాదని, ఒక ట్రస్టు ఇచ్చే ఉపకారవేతనానికి అర్జీ పెట్టుకుంది. లెక్కలో సైన్సో చదివిన పట్టభద్రులు బడిపంతుళ్ళవుతామంటే, రెండేళ్ళ బీఎడ్ ఖర్చంతా ఆ ట్రస్టు భరిస్తుంది. మొదటి ఏడు కాలేజీలో, రెండో ఏడు మా బడిలాంటి, మాస్టారు లేని బడిలో. ఆపైన మూడేళ్ళు అదే బడిలో పని. కాకపోతే రెండో ఏడు మధ్యలో ఒక పరిశీలకుడు వచ్చి పాఠం చూస్తాడు. ఆయన బాగుందంటేనే ఉపకారవేతనం ముందుకు సాగేది. "పతకం తెచ్చుకున్నది పిల్లలకి ఎక్కాలు చెప్పడానికా అమ్మా?" అని ఆమె ప్రొఫెసరు నివ్వెరపోయారట.

ఆమె చేతిలో నేను మళ్ళీ పుట్టినంత పనైంది. పదో తరగతికి వృత్తాలూ స్పర్శరేఖలూ చెప్పింది. బోర్డు మీద ఎంత అందంగా గీసేదంటే, గీసింది నేనేనా అని నాకే అనుమానం వచ్చేది. ప్రతి లెక్క చివరా వెనక్కి తిరిగి, "అర్థమైందా?" అనేది. "అయిందండీ" అని నలభై ఒక్క గొంతులు ఒక్కసారే పలికేవి. ఆమె నమ్మింది. నేనూ నమ్మాను. నా మొహం ఎప్పుడూ బోర్డు వైపే కదా.

ఆగస్టు చివర పరీక్ష పెట్టింది. మధ్యాహ్నం స్టాఫురూములో కాగితాలు దిద్దడానికి కూర్చుంది. నేను ఆమె కుర్చీకి ఆనుకుని ఉన్నాను. మొదటి కాగితం దిద్దింది. రెండోది తీసింది. మూడోది తీశాక పెన్ను కింద పెట్టేసింది. మిగిలినవన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసింది. నేను పుట్టుకతోనే కొయ్యను. మనిషి కొయ్యబారడం చూసింది మాత్రం ఆ రోజే.

జరిగింది ఇదీ. పాఠంలో ఆమె ఒక ఉదాహరణ చేసి చూపించింది. వ్యాసార్థం ఐదు, కేంద్రం నుంచి బిందువుకు దూరం పదమూడు, స్పర్శరేఖ పొడుగు పన్నెండు. తొందరలో పన్నెండుకు బదులు పద్నాలుగు వేసి, అలాగే చెరిపేసింది. పరీక్షలో అంకెలు మార్చి ఇచ్చింది: వ్యాసార్థం ఆరు, దూరం పది. జవాబు ఎనిమిది రావాలి. నలభై ఒక్క మందీ పద్నాలుగే రాశారు. ప్రశ్నలో లేని ఐదూ పదమూడూ వేసి, ఆమె వాక్యాలే రాసి, ఆమె తప్పే రాశారు.

తరగతిలో చురుకైన పిల్ల బిడ్డిక తులసి. ఆ పిల్లను పిలిపించింది.

"తులసీ, నేనిచ్చింది ఆరూ పదీ కదా. నువ్వు ఐదూ పదమూడూ ఎందుకు రాశావు?"

"మీరు బోర్డు మీద అదే రాసేరు కదండి."

"నేను రాసింది తప్పమ్మా. అక్కడ పన్నెండు రావాలి."

"తెలుసండి," అంది తులసి, నేల చూపులు చూస్తూ. "ఇంటికాడ కట్టి సూసేను. పన్నెండే వచ్చింది. మీరిచ్చిన దానికి ఎనిమిదండి."

హిమజ ఆ పిల్ల కాగితం మళ్ళీ చూసింది. "మరి ఎనిమిదని రాయలేదేం?"

"మేస్టారు సెప్పింది మారిస్తే కొడతారండి," అంది ఆ పిల్ల, ఇది కూడా తెలియదా అన్నట్టు.

తెలియకపోవడం వేరు. తెలిసి దాచుకోవడం వేరు. ఆమె మూడు నెలలుగా తెలియనివాళ్ళకు చెబుతున్నాననుకుంది.

మర్నాటి నుంచి ఆమె బోర్డు మీద కావాలని తప్పులు రాయడం మొదలుపెట్టింది. ఏడూ ఎనిమిదీ కలిపి పదహారంది. ఎవరూ మాట్లాడలేదు, బుద్ధిగా రాసుకున్నారు. చతురస్రానికి అయిదు భుజాలంది. అదీ రాసుకున్నారు. నాలుగో రోజు ఒక గుండ్రం గీసి, దాని వ్యాసం వ్యాసార్థంలో సగం అని రాసింది. చాలాసేపటికి తులసి లేచి నిలబడింది.

"తప్పండి," అంది.

హిమజ మొహం విప్పారింది. ఆ పిల్ల చేతికే సుద్దముక్క ఇచ్చి గీయిద్దామని నన్ను ఎత్తి పట్టుకుని గబగబా బెంచీ దగ్గరకు నడిచింది. తులసి కళ్ళు గట్టిగా మూసుకుని అరచెయ్యి చాచింది. ముందు బెంచీలో ఇద్దరు తలలు వంచేశారు.

హిమజ అక్కడే ఆగిపోయింది. ఒకసారి నన్ను చూసింది. ఒకసారి ఆ చేతిని చూసింది. తను రాకముందు నేను ఏ పని చేశానో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నెమ్మదిగా నన్ను ఆ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, "వెళ్ళి సరిగ్గా గియ్యి," అంది.

అక్కణ్ణుంచి బోర్డు మీది తప్పు పట్టుకోవడానికి పిల్లలు పోటీలు పడ్డారు, నవంబరు పరీక్ష నాటికి తరగతి అల్లరి అల్లరయింది. ఈ అల్లరి చూసి హెడ్మాస్టరు తవిటినాయుడు గారికి గుండె దడ పట్టుకుంది. పరిశీలకుడు వచ్చేవారమే వస్తున్నాడు.

"ఆయన ముందర ఇలాటియి పెట్టుకోకమ్మా," అన్నారు. "ఏటి అడుగుతావో, ఎవరు ఏటి సెప్పాలో ముందే నేర్పీసి ఉంచు. అందరూ సేసేదే."

"నేర్పించిందే ఒప్పజెప్పే పిల్లలు ఆగస్టు దాకా ఉన్నారు సార్," అంది హిమజ. "మళ్ళీ వాళ్ళని తేలేను."

పరిశీలకుడు వసంతరావు గారు కాలేజీలో చెప్పి రిటైరైన పెద్దమనిషి. వెనక బెంచీలో కూర్చుని పాఠం విన్నారు. చివర ఉండబట్టలేక తనే లేచి, "ఐదు, ఆరు, పన్నెండు భుజాలతో ఒక త్రిభుజం గియ్యి చూద్దాం," అని తులసికి నన్ను అందించారు. ఆ పిల్ల పన్నెండు కొలతతో అడుగు గీత గీసింది. ఒక కొన మీద నన్ను ఐదుకు నిలిపి చాపం వేసింది. రెండో కొన నుంచి ఆరుకు వేసింది. రెండు చాపాలూ ఒకదాన్నొకటి తాకలేదు. మళ్ళీ వేసింది. తర్వాత నన్ను బల్ల మీద పెట్టేసి ఆయన వైపు తిరిగింది.

"ఇది అవదండి."

"ఎందుకవదు?"

"ఐదూ ఆరూ కలిపినా పదకొండేనండి. పన్నెండుకి అందవు. మీరు తప్పు సెప్పేరు."

తవిటినాయుడు గారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. వసంతరావు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అది ఆయన వేసిన ఎత్తు కాదు, నోరు జారిన మాటేనని బోర్డు దగ్గరున్న నాకు కూడా తెలిసింది. "ఊఁ" అని సంచీ సర్దుకుని వెళ్ళిపోయారు.

పదిహేను రోజులకు ట్రస్టు నుంచి ఉత్తరం వచ్చింది. బోర్డు మీద రాత: చాలా బాగుంది. విషయ పరిజ్ఞానం: చాలా బాగుంది. క్రమశిక్షణ: అసంతృప్తికరం, విద్యార్థులు పెద్దలకు ఎదురు చెబుతున్నారు. ఉపకారవేతనం తదుపరి నిర్ణయం వరకు నిలిపివేయడమైనది.

హిమజ ఆ కాగితం రెండుసార్లు చదివి మడిచి పెట్టింది. ఏడవలేదు. గంట కొడితే లేచి తరగతికి వెళ్ళింది. తవిటినాయుడు గారు ఆ ఉత్తరం ముందు చాలాసేపు కూర్చున్నారు. తర్వాత బీరువా తీసి రెండు కాగితాల కట్టలు సంచీలో పెట్టుకుని, ట్రస్టు ఆఫీసున్న విశాఖపట్నానికి బస్సెక్కారు. ముప్పై ఏళ్ళ నౌకరీలో పైవాళ్ళ కాగితానికి ఆయన ఎదురు వెళ్ళడం అదే మొదలు. తిరిగొచ్చాక ఆయన చెప్పింది స్టాఫురూమంతా నోరు తెరుచుకుని వింది.

"రెండు కట్టలూ బల్ల మీద పెట్టేనండి. ఇది ఆగస్టుది, నలభై ఒక్కరూ ఒకే తప్పు రాసేరు, సూడండి అన్నాను. ఇది నవంబరుది. పన్నెండు మంది ఒప్పు రాసేరు, మిగతావోళ్ళు తలో రకం తప్పు రాసేరు. ఎవుడి తప్పు ఆడిదే. ఇలాంటి కట్ట నా సర్వీసులో సూడలేదు బాబూ, ఈ పిల్లని మా బడికి ఒగ్గేయండి అన్నాను." "వసంతరావు గారూ ఉన్నారక్కడ. కాగితాలు తిరగేసి తిరగేసి, ఆ క్రమశిక్షణ గడిలో రాసింది నానే కొట్టీస్తానని కలం తీసేరు," అన్నారు.

ఉపకారవేతనం మళ్ళీ వచ్చింది గానీ, అన్నీ అక్కడితో చక్కబడలేదు. ఆ ఏడు పదో తరగతి ఫలితాల్లో లెక్కల్లో ఇరవై ఏడు మందే పాసయ్యారు. ముందు ఏడాది గైడు బట్టీపట్టి అందరూ గట్టెక్కిన బడి అది. ఊళ్ళో వాళ్ళు బడి ముందుకొచ్చి అడిగారు. హిమజ మెట్ల మీద నిలబడి, తప్పినవాళ్ళకు రోజూ తనే చెబుతానంది, చెప్పింది. జూలైలో పదకొండు మంది నెగ్గారు. ముగ్గురు నెగ్గలేదు. ఆ ముగ్గురి పేర్లూ ఆమె తన పుస్తకం అట్ట మీద రాసుకుని తిరిగేది. చెయ్యాల్సిన మూడేళ్ళూ అయిపోయినా ఆమె వెళ్ళలేదు.

ఇప్పుడు తరగతుల్లో గాజు తెరలు పెట్టారు. వేలితో తాకితే గుండ్రం దానంతటదే వస్తుంది. నా ఇనుప మేకు తగిలితే గాజు గీసుకుపోతుందని నన్ను సామాన్ల గదిలో పెట్టారు. ఆ ఎండాకాలం సుద్దముక్క పట్టే నా ఎడమ కాలు నిలువునా చీలింది. మొన్న తవిటినాయుడు గారు పదవీ విరమణ చేస్తూ వస్తువులు అప్పగించడానికి ఆ గదిలోకి వచ్చారు. గుమస్తా నన్ను తీసి చూసి, "కంపాసు, చెక్కది, ఒకటి. పనికిరాదు అని రాసీమంటారాండీ?" అన్నాడు.

తవిటినాయుడు గారు నన్ను చేతిలోకి తీసుకుని మేకు వేలితో తడిమి చూశారు.

"పనికిరాదని రాయకు," అన్నారు. "ఎడమ కాలు చీలిందని రాయి."